పన్నెండు కిట్లలో మూడు పనిచెయ్యలేదు, తప్పు ఎవరిదంటారు?

నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి ఇస్తున్నాను.

సైన్స్ క్లబ్ పిల్లలతో బ్యాటరీ ఎలిమినేటర్లు (సెల్స్ బదులు గోడ ప్లగ్ నుంచి తక్కువ వోల్టుల డీసీ ఇచ్చేవి) చేయిద్దామనుకున్నారు ఆవిడ. ల్యాబ్‌లో ప్రయోగం పెట్టుకున్నప్పుడల్లా సెల్స్ కొనలేక విసిగిపోయారట. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఆవిడ పాత విద్యార్థి ఒకతనికి ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది. "మేడం, మీకు లాభం లేకుండా ఇస్తా" అని 12 కిట్లు ప్యాక్ చేసి పంపాడు. డబ్బు పిల్లల తల్లిదండ్రుల దగ్గర తలా కొంచెం పోగుచేసింది. ఒక్కో కిట్‌లో వోల్టేజీని కావలసినంతకు సర్దే ఎల్ఎం317 ఐసీ, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జికి నాలుగు 1ఎన్4007 డయోడ్లు, ఐసీకి కాపలాగా ఇంకొకటి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, కొన్ని చిన్న కెపాసిటర్లు, 240 ఓమ్‌ల రెసిస్టర్, నాబ్ తిప్పి ఓమ్‌లు మార్చుకునే 5కె పాట్, ఒక ఎల్‌ఈడీ, దానికో రెసిస్టర్, ఇవన్నీ టంకం పెట్టే పీసీబీ ఉన్నాయి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ల్యాబ్‌లోనే ఉంది.

ముగ్గురు పిల్లలకో కిట్ చొప్పున ఇచ్చి సోల్డరింగ్ చేయించారు. తొమ్మిది పనిచేశాయి. ఒకటి నాబ్ ఎంత తిప్పినా 1.25 వోల్టుల దగ్గరే కూర్చుంది. రెండోది దానికి ఎదురు, ఎప్పుడు చూసినా 14 పైనే. మూడోది ప్లగ్ పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమని వేడెక్కితే, భయపడి తీసేశారు.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. హెడ్‌మాస్టర్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ "రెడీమేడ్‌వి కొంటే పోయేదిగా" అన్నారు. ఆ మూడు జట్ల పిల్లల్ని మిగతావాళ్లు ఏడిపిస్తున్నారు. ఆవిడ భర్త "ఆ కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగా అడుగు, మిగిలిపోయిన సరుకు అంటగట్టాడు" అంటున్నారు. అతన్ని అనుమానించడానికి ఆవిడకు మనసు రావడం లేదు, అడగకపోతే తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. పైగా టంకం పెట్టిన సరుకు వాపసు తీసుకోరని బిల్లు మీదే రాసి ఉంది.

మిగిలిన స్పేర్ భాగాలను మల్టీమీటర్‌తో చూస్తే అనుమానం ఇంకా పెరిగిందట. 240 ఓమ్‌లు ఉండాల్సింది 236 చూపిస్తోంది. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 870 అంటోంది. ఐసీని డయోడ్ మోడ్‌లో పెడితే అర్థంకాని అంకెలేవో వస్తున్నాయి. "వచ్చే ఏడాది ప్రతి భాగాన్నీ పరీక్షించాకే పిల్లల చేతికి ఇవ్వాలా? దానికి టెస్టర్ కొనాలా? ఈ లోపు ఆ అబ్బాయిని ఏమని అడగాలి?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

టీచర్ గారూ,

ముందు మీ మీటర్ పెట్టిన టెన్షన్ తీసేద్దాం. 236 ఓమ్‌లు తప్పు కాదు. ఆ రెసిస్టర్ చివర బంగారు రంగు గీత ఉంటే 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని అర్థం. 228 నుంచి 252 దాకా ఏది వచ్చినా అది మంచి సరుకే. 870 కూడా అంతే. మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు 20 శాతం తేడా ఉంటుంది, అంటే 800 నుంచి 1200 దాకా ఒప్పుకోవాలి. ఇక ఎల్ఎం317 లోపల బోలెడు ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. డయోడ్ మోడ్‌లో మీటర్ చూపించే అంకె ఆ కంపెనీ లోపల ఎలా అల్లిందన్న దాన్ని బట్టి మారుతుంది, దాన్ని చూసి ఐసీ మంచిదో చెడ్డదో తేల్చలేం. ఒకటి మాత్రం గమనించండి. మీటర్లోని 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే చవకరకం మీటర్లు తప్పు అంకెలు చూపించవచ్చు. స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు కనిపిస్తుంటే ముందు అది మార్చి, తర్వాత సరుకును అనుమానించండి.

కాబట్టి మిగిలిపోయిన సరుకు అంటగట్టాడు అనడానికి మీరు రాసిన కొలతల్లో ఆధారం ఏదీ లేదు. అలాగని ఆ అబ్బాయి వైపు తప్పేమీ లేదని కూడా నేను అనను. ఆ మూడు బోర్డులనూ వేరువేరుగా చూడాలి, ఎందుకంటే అవి చెప్తున్నది మూడు రకాల కథలు.

1.25 దగ్గర ఆగిపోయినదాని ఐసీ దాదాపు ఖాయంగా బతికే ఉంది. ఎల్ఎం317 తన అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉంచుతుంది. అడ్జస్ట్ కాలు నేరుగా గ్రౌండ్‌కి తగిలితే బయటికి వచ్చేది ఆ 1.25 మాత్రమే. పాట్ కాళ్ల దగ్గర రెండు టంకం చుక్కలు కలిసిపోయి ఉండవచ్చు, లేదా అడ్జస్ట్ దగ్గరున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తిరగబడి కూర్చుని ఉండవచ్చు. కరెంటు తీసేసి, మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి, అడ్జస్ట్ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య చూస్తూ నాబ్ తిప్పించండి. అంకె పెరుగుతూ పోవాలి. సున్నా దగ్గర కదలకపోతే ఆ రెండు చోట్లలో ఒకచోట దొంగ దొరుకుతాడు.

14 పైన నిలబడిపోయినది కొంచెం ఆసక్తికరమైన కేసు. దాన్ని కరెంటు మీదే ఉంచి, ఐసీ ఇన్‌పుట్ కాలికీ అవుట్‌పుట్ కాలికీ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూడండి. మీటర్ పిన్ను జారి రెండు కాళ్లకీ తగలకుండా ఈ పని మీరే చెయ్యండి, పిల్లలకు ఇవ్వొద్దు. 0.6, 0.7 అలా వచ్చిందంటే కాపలా డయోడ్ తిరగబడింది. ఐసీని పక్కకు నెట్టి కరెంటు ఆ డయోడ్ గుండా నేరుగా బయటికి వెళ్లిపోతోందన్నమాట. ఒకటిన్నర, రెండు వచ్చిందంటే ఐసీ తలుపులు బార్లా తెరిచింది, అడ్జస్ట్ వైపు పాట్ కాలు ఎక్కడో డ్రై సోల్డర్ అయి, అంటే టంకం సరిగ్గా పట్టక, ఊడి ఉంది.

ఈ రెండూ కాకపోతే భూతద్దం తీసుకుని ఐసీ మీద అక్షరాలు చదవండి. టార్చిలైట్ పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చెరిగినట్టున్న ముద్ర కూడా కనిపిస్తుంది. అక్కడ ఎల్ఎం337 అని ఉంటే ఆశ్చర్యపోవద్దు. చూడ్డానికి అచ్చం అదే, సైజూ అదే, మూడు కాళ్లే. కానీ అది నెగెటివ్ వోల్టేజీకి చేసిన రెగ్యులేటర్, కాళ్ల వరస కూడా వేరు. కౌంటరు వెనక డబ్బాల్లో ఇలాంటివి కలిసిపోవడం ఏ షాపులోనైనా జరిగేదే. మీ మూడింటిలో షాపు తప్పు ఎక్కడైనా ఉంటే ఇక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

మూడోదాన్ని మళ్లీ ప్లగ్‌లో పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమందంటే బ్రిడ్జిలో ఒక డయోడ్ తిరగబడి ఉండాలి, లేకపోతే పెద్ద కెపాసిటర్ తిరగబడి ఉండాలి. తిరగబడిన ఎలక్ట్రోలిటిక్ వేడెక్కి పగలవచ్చు, మొహం దగ్గర పెట్టుకుని చూసే వస్తువు కాదది. మీటర్ కూడా అక్కర్లేదు. నాలుగు డయోడ్ల మీద వెండిగీతలు పీసీబీ మీద గీసిన గీతలతో కలుస్తున్నాయా, కెపాసిటర్ ఒంటి మీద మైనస్ పట్టీ సరైన వైపే ఉందా, కళ్లతో చూస్తే చాలు. గీతలన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు ఒక్కో డయోడ్‌నూ మీటర్ డయోడ్ మోడ్‌లో చూడండి. 1ఎన్4007 ఒకవైపు అర వోల్టు పైన, 0.55 నుంచి 0.6 దగ్గర చూపించాలి. రెండు వైపులా సున్నా అని బీప్ కొడితే అది పోయింది. ఒక కాలు బోర్డు నుంచి లేపి మళ్లీ చూసి ఖాయం చేసుకోండి, ఎందుకంటే బోర్డు మీద ఉన్నప్పుడు పక్కవాటి దారిలో కూడా కరెంటు వెళ్లి అంకె తప్పుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ప్రతి భాగాన్నీ పరీక్షించాలా అని. చెయ్యవచ్చు. 12 కిట్లు అంటే నూటయాభై భాగాలకు పైనే అవుతాయి, వాటికి ఒక ఆదివారం పోతుంది. అంత కష్టపడి చూస్తే చెడిపోయిన రెసిస్టర్ ఒక్కటి కూడా దొరక్కపోవచ్చు. కొత్త రెసిస్టర్లు చెడిపోయి రావడం చాలా అరుదు. వచ్చేదల్లా వేరే విలువది రావడం, లేదా మనం రంగులు తప్పు చదవడం. మీ కిట్‌లోదే తీసుకోండి. ఎరుపు, పసుపు, గోధుమ అంటే 240 ఓమ్‌లు. ఎరుపు, పసుపు, ఎరుపు అంటే 2.4 కిలో ఓమ్‌లు. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ గోధుమనూ ఎరుపునూ పిల్లలే కాదు, నలభై దాటిన కళ్లు కూడా పోల్చుకోలేవు. 240 బదులు 2.4కె పడితే, లోడ్ (కరెంటు వాడుకునే బల్బులాంటిది) పెట్టి నాబ్ చివరిదాకా తిప్పినా మీ ఎలిమినేటర్ 4 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. ఐసీని తిట్టుకుంటూ కూర్చుంటాం. కాబట్టి రెసిస్టర్లను మీటర్‌తో చూడటం ముఖ్యం. చెడిందా లేదా అన్నది తర్వాత సంగతి, అసలు అది మనకు కావలసినదేనా అన్నది అక్కడ తేలుతుంది. ఈ పని పిల్లలకే ఇవ్వండి. రంగులు చదివి ఒక అంకె, మీటర్‌తో ఒక అంకె, నోట్సులో పక్కపక్కన రాయించండి. పదో తరగతిలో ఓమ్ నియమం చెప్పేటప్పుడు ఎలాగూ ఇదంతా కావాలి. ఒక్క జాగ్రత్త చెప్పండి, రెండు పిన్నులనూ రెండు చేతుల వేళ్లతో నొక్కిపట్టి కొలవొద్దని. 240 ఓమ్‌లకు ఏమీ కాదు గానీ లక్షల ఓమ్‌ల రెసిస్టర్లకు ఒంటి గుండా కూడా కరెంటు వెళ్లి అంకె తగ్గిపోతుంది.

కెపాసిటర్లలో కొలత కంటే ముందు ముద్ర చదవాలి. మీ 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఏసీ. బ్రిడ్జి దాటి కెపాసిటర్ మీద చేరేసరికి అది 15, 16 వోల్టుల డీసీ అవుతుంది, లోడ్ లేనప్పుడు ఇంకొంచెం ఎక్కువే. కిట్‌లో 25 వోల్టుల కెపాసిటర్ ఉంటే నిశ్చింత. 16 అని రాసి ఉంటే మాత్రం అది ఎంత కొత్తదైనా వాడొద్దు. మీటర్ దాన్ని 1000 మైక్రోఫారడ్ అనే చూపిస్తుంది, వోల్టేజీ సంగతి చెప్పదు. చిన్న సెరామిక్ బిళ్లల మీద 104 అని ఉంటే 0.1 మైక్రోఫారడ్, 103 అంటే దానిలో పదోవంతు. పిల్లలు 104ని 104 పికోఫారడ్లనుకోవడం మామూలే.

ఎల్‌ఈడీలు, డయోడ్లు నిమిషం పని. ఎర్ర ఎల్‌ఈడీ డయోడ్ మోడ్‌లో కొద్దిగా వెలుగుతుంది కూడా. తెల్లవి, నీలివి చాలా మీటర్లతో వెలగవు, వాటికి మూడు వోల్టుల దాకా కావాలి. అవి పోయాయనుకుని పారెయ్యకండి.

ఐసీకి మాత్రం మీటర్ చాలదు, పని చేయించి చూడాల్సిందే. టంకం లేకుండా భాగాలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఒక 240 ఓమ్‌ల రెసిస్టర్, ఒక 5కె పాట్ పెట్టి, 12 వోల్టుల డీసీ అడాప్టర్ కలిపి ఉంచుకోండి. ఐసీని గుచ్చండి, నాబ్ తిప్పండి, 1.25 నుంచి సుమారు 10 దాకా పెరిగితే అది పాస్. మొదట్లో 1.2 వచ్చినా, 1.3 వచ్చినా ఫర్వాలేదు. తీసి ఇంకొకటి గుచ్చండి. మార్చే ముందు అడాప్టర్ తియ్యడం మరిచిపోకండి. 12 ఐసీలకు పావుగంట, ఇరవై నిమిషాలు. నూటయాభై భాగాలకు పోయే ఆదివారంతో పోలిస్తే ఇది ఎంత లాభమో చూడండి. ఐసీ అక్షరాలవైపు మీకు ఎదురుగా ఉన్నప్పుడు ఎల్ఎం317 కాళ్లు ఎడమనుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. అందరికీ అలవాటైన 7805కి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7805 వెనక రేకు గ్రౌండ్ కాబట్టి ఎక్కడ తగిలినా ఏమీ కాదు. 317 రేకు అవుట్‌పుట్‌తో కలిసి ఉంటుంది. దాని హీట్‌సింక్ గ్రౌండ్ చేసిన ఇనప డబ్బాకి తగిలితే షార్టే.

టెస్టర్ సంగతి. ఏ కాలు ఏదో, ఏ భాగం ఏదో స్క్రీన్ మీద బొమ్మ గీసి చూపించే చిన్న టెస్టర్లు వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతున్నాయి. ట్రాన్సిస్టర్లున్న కిట్లు చెయ్యాలనుకుంటే కొనండి. బీసీ547కి చదునువైపునుంచి చూస్తే కలెక్టర్, బేస్, ఎమిటర్ వరస. 2ఎన్3904కి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఒకదాని బదులు ఒకటి పెట్టేవాళ్లను ఆ టెస్టర్ కాపాడుతుంది. కానీ ఎల్ఎం317ని అందులో పెడితే ఏదో రెండు డయోడ్లనో, గుర్తుపట్టలేదనో అంటుంది. ఈ కిట్ కోసమే అయితే దండగ. ఛార్జి ఉన్న కెపాసిటర్ పెడితే టెస్టరే పోతుందన్న సంగతి కూడా కొనే ముందు తెలిసి ఉండాలి.

నాకైతే పరీక్షల కన్నా అసెంబ్లీని ముక్కలు చెయ్యడం మీద నమ్మకం ఎక్కువ. మొదటి రోజు బ్రిడ్జి, పెద్ద కెపాసిటర్, ఎల్‌ఈడీ, దాని రెసిస్టర్ మాత్రమే టంకం పెట్టించండి. అక్కడ ఆపి మీరు ప్లగ్ పెట్టి 15, 16 వోల్టులు ఉన్నాయా చూడండి. ఆ రోజే మీ మూడో బోర్డు దొరికిపోయేది, ఐసీకి ఏ హానీ జరగకుండా. మిగతాది రెండో రోజు. నష్టం ఏమిటంటే, పిల్లలకు తొందర. మొదటిరోజే తిరిగే నాబ్ కావాలంటారు. మీకున్న పీరియడ్లలో రెండు రోజులు కేటాయించగలరా అన్నది మీరే చూసుకోవాలి. కుదరకపోతే కనీసం ఐసీలు ఒకసారి బ్రెడ్‌బోర్డు మీద చూసి, మిగతాది పిల్లల కళ్లకు వదిలేసినా చాలావరకు గట్టెక్కుతారు.

ఇక ఆ అబ్బాయి. మీ వారు చెప్పినట్టు ఫోన్ చేసి గట్టిగా అడిగితే అతను మూడు కొత్త కిట్లు పంపేస్తాడు, టీచర్ అడిగింది కదా. తల్లిదండ్రులకు జవాబు దొరుకుతుంది. కానీ రేపు ఆ బోర్డుల్లో డయోడే తిరగబడిందని తేలితే, అతన్ని ఊరికే అన్నామే అన్నది మీకు ఉండిపోతుంది. లాభం లేకుండా ఇచ్చినవాడికి మళ్లీ ఫోన్ చెయ్యడం కష్టమవుతుంది కూడా. అసలేమీ అడక్కుండా ఊరుకోవచ్చు. పోయిన భాగాలు దగ్గర్లో కొనుక్కుంటే పెద్ద ఖర్చు కాదు. కానీ తప్పు ప్యాకింగ్‌లోనే జరిగి ఉంటే అదే డబ్బాలోంచి ఇంకో బడికి కూడా వెళ్తుంది. మూడో దారి, వారం ఆగి, బోర్డులు చూసుకుని, దొరికిందాన్ని ఫోటో తీసి పంపడం. "బాబూ, ఒక కిట్‌లో 317 బదులు 337 వచ్చింది, నీ డబ్బాలో చూసుకో" అంటే అది నిందలా ఉండదు, అతనికి పనికొచ్చే సమాచారం. తప్పు మనవైపే అయితే ఆ సంగతి కూడా చెప్పండి, వచ్చే ఏడు కిట్‌లో పీసీబీ మీద గుర్తులు పెద్దగా వేయించమని అడగవచ్చు. నా మొగ్గు ఈ మూడోదాని వైపే. హెడ్‌మాస్టర్ గారి ముందు ఈ వారంలోనే జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి ఉంటే మాత్రం, మూడు ఐసీలు డబ్బిచ్చి తెప్పించుకోండి. ఉచితంగా అడగకపోతే మాట పడాల్సిన పని ఉండదు.

హెడ్‌మాస్టర్ గారికి ఒక సంగతి చెప్పడం మరిచిపోకండి. పనిచేసే తొమ్మిదింటిలో కూడా నాబ్ సగం దాటాక వోల్టేజీ పెరగదు. ఎవరైనా అదీ పాడైందనవచ్చు. లోపలికి వచ్చేది 16 వోల్టులైతే బయటికి 14 కన్నా రాదు, 5కె పాట్ సగంలోనే అంత అడిగేస్తుంది. వచ్చేసారి 2కె పాట్ పెట్టించండి, నాబ్ మొత్తం తిరుగుతుంది, 11.7 దాకా వస్తుంది.

పిల్లల విషయంలో రెండు దారులున్నాయి. మీరే రాత్రికి బాగుచేసి పొద్దున్న ఇచ్చెయ్యవచ్చు, వాళ్ల అవమానం ఒక్కరోజులో పోతుంది. లేదా 14 వోల్టుల బోర్డు, 1.25 వోల్టుల బోర్డు ఆ జట్లకే ఇచ్చి కారణం వాళ్లతోనే పట్టించవచ్చు. రెండోది పనిచేస్తే, బడిలో ఎలిమినేటర్ లోపల ఏం జరుగుతుందో తెలిసిన పిల్లలు వాళ్లే అవుతారు. కానీ గంటలో దొరక్కపోతే ఏడ్చే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లెవరో మీకు తెలుసు. బుర్రుమన్న బోర్డు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

ఏ బోర్డులోనైనా ఐసీ మార్చాల్సి వస్తే దాన్ని కాపాడాలని చూడకండి, పీసీబీని కాపాడండి. మూడు కాళ్లనూ ఒకేసారి కరిగించి లాగితే రాగి పట్టీలు లేచి వస్తాయి. కట్టర్‌తో ఐసీ ఒంటికి దగ్గరగా మూడు కాళ్లూ కత్తిరించేసి, మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా ఐరన్‌తో వేడిచేసి పట్టకారుతో లాగండి. ఆ పనికి ముందు పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య 1కె రెసిస్టర్ ఒకటి కాసేపు ఆనించి ఛార్జి దింపడం మరవకండి.